మెస్సియాన్ ‘కాలాంతం కోసం క్వార్టెట్’: నలుగురు కలిసి వాయించడానికి సిద్ధమయ్యే పద్ధతి

ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ రాసిన ఈ క్వార్టెట్‌కి (నలుగురు వాయించే రచన) వయొలిన్, బి-ఫ్లాట్ క్లారినెట్, చెలో, పియానో కావాలి. మొత్తం ఎనిమిది భాగాలు, అటూ ఇటూగా 50 నిమిషాలు. 1941 జనవరి 15న అప్పటి జర్మనీలోని గోర్లిట్జ్‌లో ఉన్న స్టాలాగ్ 8-ఎ యుద్ధఖైదీల శిబిరంలో దీన్ని మొదటిసారి వాయించారు. అక్కడ ఖైదీగా ఉన్న మెస్సియానే పియానో వాయించాడు. క్లారినెట్ ఆన్రీ అకోకా, చెలో ఎతియెన్ పాస్కియే, వయొలిన్ జాఁ ల్ బులేర్ వాయించారు. ఆ రోజు చెలోకి మూడు తీగలే ఉన్నాయని మెస్సియాన్ చెబుతూ వచ్చాడు. కాదు, నాలుగూ ఉన్నాయని వాయించిన పాస్కియే పట్టుబట్టి చెప్పాడు. చెలో పార్టు ఒకసారి తిరగేస్తే పాస్కియే మాటే నమ్మాలనిపిస్తుంది. ఆ శిబిరం కథని కార్యక్రమ పత్రంలో రాసుకోవచ్చు గానీ, రిహార్సల్‌లో అది ఒక్క బార్‌ని (స్వరలిపిలో రెండు నిలువు గీతల మధ్య ఖండం) కూడా సరిచేయదు.

ఇందులో కష్టాలు రెండు రకాలు. ఒకటి లెక్క: బార్ గీతలకు లొంగని లయలు, ఒకదానితో ఒకటి కలవని ఆవృత్తాలు, నలుగురూ ఒకే స్వరరేఖను వాయించే ఆరో భాగం. రెండోది నెమ్మది: నిమిషాల తరబడి కదిలీ కదలనట్టుండే మూడు, ఐదు, ఎనిమిది భాగాలు. చాలా బృందాలు లెక్కకు భయపడి వారాలు దాని మీదే పెడతాయి. నెమ్మది భాగాల్లో నోట్లు తక్కువ కాబట్టి వాటిని చివరికి వదిలేస్తాయి. కచేరీలో పట్టు తప్పేది మాత్రం అక్కడే. అందుకే ఐదు, ఎనిమిది భాగాల్ని మొదటి వారం నుంచే, రిహార్సల్‌కి ఇరవై నిమిషాల చొప్పున, వేళ్లు అలసిపోకముందే చేయండి.

పని పంచుకోవడం

ఒకటి, రెండు, ఆరు, ఏడు భాగాల్లో నలుగురూ ఉంటారు. మూడోది క్లారినెట్ ఒక్కటే. నాలుగో దాంట్లో పియానో లేదు. ఐదోది చెలో, పియానో. ఎనిమిదోది వయొలిన్, పియానో. లెక్క వేస్తే ఒక్కొక్కరికీ ఆరేసి భాగాలు వస్తాయి. నలుగురూ దొరకని రోజున ఇద్దరితోనో ముగ్గురితోనో పని నడిపించవచ్చు. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు కలవగలిగితే పన్నెండు వారాలు పెట్టుకోండి. నలుగురూ వేరే చోట చాలాకాలం ఛాంబర్ సంగీతం వాయించినవాళ్లయితే ఎనిమిది చాలు.

స్కోరు (అన్ని వాయిద్యాల స్వరలిపి ఒకేచోట ఉండే పుస్తకం) పారిస్‌లోని ద్యురాఁ సంస్థ 1942లో అచ్చేసింది. మెస్సియాన్ 1992లో చనిపోయాడు కాబట్టి హక్కులింకా అమల్లోనే ఉన్నాయి. నెట్‌లో తిరిగే స్కాన్లతో సరిపెట్టుకోకుండా కొనుక్కోవడమే మంచిది. ఎవరి పార్టు వాళ్లకి ఉన్నా, పూర్తి స్కోరు కూడా నలుగురి దగ్గరా ఉండాలి. మొదటి భాగంలో పక్కవాళ్లు ఏం చేస్తున్నారో తెలియకుండా మీ పార్టు మాత్రమే చూసి వాయిస్తే, తప్పిపోయాక మళ్లీ చేరుకునే దారి దొరకదు. స్కోరు ముందున్న పీఠికను దాటేయకండి. అందులో మెస్సియాన్ తన లయ పద్ధతిని వివరించి, వాయించేవాళ్లకు సూచనలు కూడా ఇచ్చాడు. బార్ కొలతలు లేని చోట్ల చిన్న విలువల్ని మనసులో లెక్కపెట్టుకోవచ్చు గానీ అది సాధన మొదట్లోనే అని, కచేరీలో ఆ లెక్క బరువు కనిపించకూడదని, బలహెచ్చుతగ్గుల్ని పెంచి చూపడానికి వెనకాడొద్దని ఆ సూచనల సారం.

మొదటి భాగం: కలవని ఆవృత్తాలు

ఇది 3/4లో, అంటే బార్‌కి మూడు క్వార్టర్ నోట్ల లెక్కలో రాసి ఉంటుంది, వేగం నిమిషానికి సుమారు 54 క్వార్టర్ నోట్లు. క్లారినెట్, వయొలిన్ పక్షుల్లా పాడతాయి. పియానో, చెలో మాత్రం ఎవరి చక్రంలో వాళ్లు తిరుగుతుంటారు. 3/4 అన్నది కాగితం మీది సౌకర్యమే. ఏ వాయిద్యం లయకూ ఆ కొలతతో సంబంధం లేదు.

పియానో లయలో 17 విలువలు (స్వరాల పొడవులు) ఉన్నాయి. సిక్స్‌టీన్త్ నోటును (క్వార్టర్‌లో నాలుగో వంతు) ఒక అక్షరంగా తీసుకుంటే వరుస ఇది: 4 4 4 2 3 2, ఆపైన 2 2 2 3 3 3 1, ఆపైన 2 3 4 8. మొత్తం 52 అక్షరాలు, అంటే 13 క్వార్టర్ నోట్లు. ఈ మూడు ముక్కలూ రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ అనే దేశీ తాళాలు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఇచ్చిన 120 దేశీ తాళాల పట్టికను మెస్సియాన్ ఒక ఫ్రెంచి సంగీత విజ్ఞానసర్వస్వంలో చదివాడు. కచేరీల్లో విని నేర్చుకున్నవి కావు ఇవి. చంద్రకళను దాదాపు ఉన్నదున్నట్టు ఉంచాడు: మూడు గురువులు (2 అక్షరాలవి), మూడు ప్లుతాలు (3 అక్షరాలవి), ఒక లఘువు (1 అక్షరం). రాగవర్ధనను తిరగేసి, అందులోని పొడుగు విలువని మూడు సమాన ముక్కలు చేశాడు. సంగీతరత్నాకరానికి ‘సుధాకరం’ అనే వ్యాఖ్య రాచకొండ సింగభూపాలుడి పేరున ఉంది, కాబట్టి ఈ తాళాలకు తెలుగు నేలతో చుట్టరికం మరీ దూరపుదేం కాదు.

మృదంగమో కర్ణాటక గాత్రమో నేర్చుకున్నవాళ్లకి ఇక్కడ ఒక అనుకూలత, ఒక ప్రమాదం ఉన్నాయి. అనుకూలత సొల్లుకట్టు, అంటే లయని నోటి జతులతో పలకడం. 1కి త, 2కి తక, 3కి తకిట, 4కి తకధిమి, 8కి తకధిమితకఝణు పెట్టుకుని పియానో వరుసను నోటితో పలకండి:

తకధిమి తకధిమి తకధిమి తక తకిట తక
తక తక తక తకిట తకిట తకిట త
తక తకిట తకధిమి తకధిమితకఝణు

ప్రమాదం ఏమిటంటే, చేతితో తాళం వేసి సమం (తాళం మొదటి దెబ్బ) కోసం వెతకడం. నలుగురికీ ఉమ్మడి సమం ఈ భాగంలో ఎక్కడా రాదు. ఉమ్మడిగా ఉండేది క్వార్టర్ నోటు నడక ఒక్కటే. ఇంకో చిక్కు కూడా ఉంది. పలికేటప్పుడు ప్రతి గుంపు మొదటి అక్షరం మీద సహజంగానే నొక్కు పడుతుంది. ఆ నొక్కు పియానో తీగల మీదికి రాకూడదు. ప్రతి కార్డూ (ఒకేసారి నొక్కే స్వరాల గుంపు) ఒకే మెత్తదనంతో, ముందుదాని మోతలోంచి వచ్చినట్టుండాలి.

52 అక్షరాలంటే 3/4లో నాలుగు బార్లు, ఇంకో బీటు. కాబట్టి ప్రతి కొత్త ఆవృత్తం బార్‌లో ఒక బీటు ఆలస్యంగా మొదలవుతుంది. మూడు ఆవృత్తాలు, అంటే 13 బార్లు గడిచాక మళ్లీ అదే స్థానానికి వస్తుంది. ప్రతి ఆవృత్తం మొదట్లో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. కార్డుల వరుస వేరు: అవి 29. 17కీ 29కీ ఉమ్మడి భాగం లేదు కాబట్టి, మొదటి కార్డు మొదటి విలువతో మళ్లీ జతపడేలోగా భాగమే అయిపోతుంది. పియానిస్టు తప్పు పోయేది సరిగ్గా ఇక్కడే. వేళ్లు కార్డునీ దాని పొడవునీ కలిపి గుర్తుపెట్టుకుంటాయి. రెండోసారి అదే కార్డు వేరే పొడవుతో వచ్చినప్పుడు పాత పొడవే వాయిస్తాయి. దీనికి మందు, రెండింటినీ విడదీసి నేర్చుకోవడం. ముందు 29 కార్డుల్నీ సమానమైన పొడవుతో, ఆగకుండా, చూడకుండా వాయించగలగాలి. తర్వాత ఒకే కార్డు మీద 17 విలువల లయని వాయించాలి. ఆ రెండూ నిద్రలో లేపినా వచ్చే స్థితికి చేరాకే కలపండి. కార్డుల చక్రం మొదలయ్యే చోట్లని స్కోరులో వేరే రంగుతో గుర్తించుకుంటే మేలు.

చెలోకి ఐదే స్వరాలు: సి, ఇ, డి, ఎఫ్-షార్ప్, బి-ఫ్లాట్. అన్నీ హార్మోనిక్స్, అంటే తీగను వేలితో తేలిగ్గా తాకి పలికించే సన్నటి స్వరాలు. లయకి 15 విలువలు, ఈసారి ఎయిత్ నోటు (క్వార్టర్‌లో సగం) లెక్కలో: 4 3 4, ఆపైన 4 1 1 3 1 1 1 1 3 1 1 4. మొత్తం 33. రెండు ముక్కలూ ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. పదిహేను అయిదుతో భాగింపబడుతుంది కాబట్టి చెలిస్టుకి పియానిస్టు బాధ లేదు. ప్రతి ఆవృత్తంలోనూ అదే స్వరానికి అదే పొడవు వస్తుంది. అయితే 33 ఎయిత్‌లంటే అయిదున్నర బార్లు. ఒక ఆవృత్తం బార్ మొదట్లో పడితే తర్వాతిది బార్ నడుమ, బీటు సగంలో పడుతుంది. అలా సగంలో పడిన ఆవృత్తాల్లో చెలిస్టులు తెలియకుండానే ఎయిత్ నోటు ముందుకో వెనక్కో జారుకుని బార్ గీతకి అతుక్కుపోతారు. విన్నవాళ్లకి ఏమీ తేడా తెలియదు గానీ, పియానోతో కుదిరిన అమరికంతా అక్కడి నుంచి చెడిపోతుంది.

ఇక హార్మోనిక్స్ పలకకపోవడం. ఎడమచేతి పై వేలు బరువెక్కితే మామూలు స్వరం వస్తుంది, కింది వేలు తేలికైతే ఈలలాంటి గీర వస్తుంది. బోను (కమానును) బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) వైపుకి ఒక వేలి వెడల్పు జరిపి, వేగం కొంచెం పెంచండి. బలం పెంచకండి.

కలపడానికి మంచి వరుస ఇది. పియానో, చెలో ఇద్దరూ ముందు మెట్రొనోమ్‌తో (వేగాన్ని కొట్టి చూపే పరికరం), తర్వాత లేకుండా చివరిదాకా వెళ్లగలగాలి. ఆ తర్వాతే వయొలిన్, ఆఖరున క్లారినెట్. పక్షులు ఎంత స్వేచ్ఛగా వినిపించినా వాటి క్వార్టర్ నోటు కదలకూడదు. క్లారినెటిస్టు అందంగా సాగదీసిన ఒక్క నోటు మిగతా ముగ్గురినీ వేరే బార్‌లో పడేస్తుంది.

ఆరో భాగం: ఒకే రేఖ మీద నలుగురు

క్వార్టర్ నోటు సుమారు 176. శ్రుతి కలిపి, స్థాయిల తేడాతో, నలుగురూ మొదటి నుంచి చివరిదాకా ఒకే రేఖ వాయిస్తారు. హార్మొనీ లేదు, వెనక దాక్కోవడానికి తోడు వాయిద్యం లేదు. టైమ్ సిగ్నేచర్ కూడా లేదు. ఈ వేగంలో సిక్స్‌టీన్త్‌లు సెకనుకు దాదాపు 12 దొర్లుతాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. నెమ్మదిగా ఉన్నప్పుడే రెండ్లు, మూళ్లు, అయిదులుగా ఒంటబట్టించుకుంటే వేగంలో ఆ గుంపులు వాటంతట అవే పలుకుతాయి.

ఇక్కడి లయకి ఊపు ఇచ్చేది అదనంగా చేరిన చిన్న విలువ. రెండేసి అక్షరాల నడకలో ఉన్నట్టుండి ఒక త చేరుతుంది, లేదా ఒక తక తకిట అయిపోతుంది. ఆ ఒక్క అక్షరాన్ని మింగేయడమే అందరూ చేసే తప్పు. పాశ్చాత్య సంగీతం మాత్రమే నేర్చుకున్న చేయి దాన్ని దగ్గర్లోని సరిసంఖ్యకి గుండ్రం చేసేస్తుంది. నలుగురిలో ఇద్దరు గుండ్రం చేసి ఇద్దరు చేయకపోతే మరుసటి నోటు రెండుగా చీలుతుంది.

మధ్యలో వెనక్కి తిప్పినా మారని లయల వరుస ఒకటి వస్తుంది. దాని మొదటి మూడు బార్లు సిక్స్‌టీన్త్‌లలో ఇలా ఉంటాయి: 3 5 8 5 3, తర్వాత 4 3 7 3 4, తర్వాత 2 2 3 5 3 2 2. వరుసగా 24, 21, 19 అక్షరాలు. ఐదుకి తదిగిణతోం, ఏడుకి తకిటతకధిమి పెట్టుకుని వాయిద్యాలు పక్కనపెట్టి నలుగురూ గట్టిగా పలకండి:

తకిట తదిగిణతోం తకధిమితకఝణు తదిగిణతోం తకిట
తకధిమి తకిట తకిటతకధిమి తకిట తకధిమి
తక తక తకిట తదిగిణతోం తకిట తక తక

తర్వాత నలుగురూ ఒకే స్వరం, ఉదాహరణకి ఎఫ్-షార్ప్, పట్టుకుని ఆ లయని వాయించండి. ఆ తర్వాతే రాసి ఉన్న స్వరాలు. క్వార్టర్ నోటు 72 దగ్గర మొదలుపెట్టి, మూడుసార్లు వరుసగా తప్పు లేకుండా వస్తేనే ఎనిమిది పెంచండి. 120 దాటాక మెట్రొనోమ్‌ని క్వార్టర్ మీద పెట్టకండి, ఎందుకంటే క్వార్టర్ ఈ లయలకి అడ్డం పడుతుంది. అక్కడి నుంచి మెట్రొనోమ్ తీసేసి ఒకరినొకరు వినడమే దారి. మొదలుపెట్టే సైగ క్లారినెటిస్టు ఇస్తే మంచిది. ఊపిరి తీసుకోవడం కనిపిస్తుంది, వినిపిస్తుంది కూడా. పియానిస్టుకి ముగ్గురి వీపులు కాకుండా కనీసం క్లారినెట్ కింది గంట (బెల్) అంచైనా కనబడేలా కుర్చీలు సర్దండి.

శ్రుతి సంగతి వేరే చెప్పాలి. పియానో శ్రుతి కదలదు. కాబట్టి మిగతా ముగ్గురూ దానికే చేరాలి. ఈ భాగంలో వయొలిన్, చెలో వైబ్రేటో (స్వరాన్ని వణికించడం) మానేస్తే సగం సమస్య తీరిపోతుంది. క్లారినెట్‌కి రెండు చిక్కులు. గట్టిగా ఊదితే శ్రుతి దిగుతుంది, మెల్లగా ఊదితే ఎక్కుతుంది. పైగా దీనికి ముందున్న ఐదో భాగంలో ఎనిమిది నిమిషాలకు పైగా ఖాళీగా కూర్చోవడంతో వాయిద్యం చల్లబడి ఉంటుంది. ఐదో భాగం చివరి పేజీ నుంచి చప్పుడు కాకుండా వెచ్చటి గాలి లోపలికి వదులుతూ ఉండండి. ఒళ్లో అడ్డంగా పెట్టుకోకుండా చంక కింద దాచుకుంటే వేడి కొంత నిలుస్తుంది.

ఐదు, ఎనిమిది: నెమ్మదిని నిలబెట్టడం

ఐదో భాగం సిక్స్‌టీన్త్ నోటు సుమారు 44. అంటే ఒక్క క్వార్టర్ నోటు అయిదున్నర సెకన్లు. ఎనిమిదో భాగం ఎయిత్ నోటు సుమారు 36, అంటే నాలుగు క్వార్టర్ల పొడవు 13 సెకన్లు దాటుతుంది. పాత తరహా లోలకం మెట్రొనోమ్‌లు 40 దగ్గరే ఆగిపోతాయి, 36 వాటిలో ఉండదు. 72 పెట్టుకుని సిక్స్‌టీన్త్‌గా లెక్కించండి.

ఈ రెండూ కొత్తగా పుట్టినవి కావు. ఐదోది 1937లో ఆరు ఓంద్ మార్తెనో వాయిద్యాల కోసం రాసిన సంగీతంలోంచి వచ్చింది. అది విద్యుత్తుతో మోగే వాయిద్యం. ఎనిమిదోది 1930 నాటి ఆర్గన్ రచన రెండో సగం. రెండు వాయిద్యాల్లోనూ స్వరం ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు తగ్గకుండా మోగుతుంది, బో మార్చే పని ఉండదు. ఇక్కడేమో బో అయిపోతుంది, పియానో మోత కరిగిపోతుంది. ఈ రెండు భాగాల్లో మీ పనంతా ఆ లోటు వినబడకుండా చేయడమే.

చెలిస్టు, వయొలినిస్టు బో మార్పుల్ని కచేరీ రోజుకి వదిలేయకుండా ముందే స్కోరులో రాసుకోవాలి. ఒక్క బోలో మొత్తం స్వరవాక్యం లాగాలన్న పంతం వద్దు. బో చివర్లో పీల్చుకుపోయిన స్వరం కంటే, నిశ్శబ్దంగా మార్చిన రెండు బోలు నయం. మార్పు వినబడడానికి కారణం సాధారణంగా మణికట్టు కాదు. మార్చే ముందు భయంతో బో వేగం పెరుగుతుంది, మార్చాక ఒక్కసారిగా తగ్గుతుంది. ఆ రెండు వేగాల తేడాయే మనకు వినిపించేది. ఖాళీ తీగ మీద, 44 దగ్గర, ఎనిమిది సిక్స్‌టీన్త్‌లకు ఒక బో చొప్పున, రోజూ పది నిమిషాలు లాగితే రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. ఎనిమిదో భాగంలో వయొలిన్ చివరికి చాలా పైకెక్కుతుంది. అక్కడ మెల్లగా వాయించాలని బోను ఫింగర్‌బోర్డు మీదికి జరిపితే ఈల వస్తుంది. బ్రిడ్జి దగ్గరే ఉండి, వేగం తగ్గించండి.

పియానిస్టు పని ఇంకా కష్టం, మెచ్చుకోలు తక్కువ. ఐదో భాగంలో కార్డులు మారకుండా మళ్లీ మళ్లీ కొడుతూ పోవాలి. గ్రాండ్ పియానోలో కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ పలికించవచ్చు. కీని సగం వరకే లేపి నొక్కితే కార్డు దెబ్బలా కాకుండా ఉబ్బినట్టు వస్తుంది. అప్‌రైట్ పియానోలో ఆ యంత్రాంగం ఉండదు. కీ దాదాపు పూర్తిగా లేవాలి, అందుకే మెత్తటి కార్డుల్లో కొన్ని మోగకుండా పోతాయి. శిబిరంలో అప్‌రైట్ మీదే వాయించారన్నది నిజమే. అలాగని మీకు గ్రాండ్ దొరుకుతున్నప్పుడు అప్‌రైట్ ఎంచుకోవద్దు. పెడల్ కార్డుతోపాటు కాదు, కార్డు పలికాక మార్చాలి.

ఎనిమిదో భాగంలో పియానో లయ పొట్టి-పొడుగు, పొట్టి-పొడుగు. పొట్టిది పొడుగుదానిలోకి నడవాలి. అలసట వచ్చేకొద్దీ పొట్టిది సాగి, నడక ఊయలలా మారిపోతుంది. వయొలినిస్టు దాన్ని పట్టుకుని వేగం పెంచేస్తాడు. అప్పుడు ఎవరిది తప్పో తేల్చుకోవడం కుదరదు.

వేగం జారుతోందో లేదో చెవి చెప్పదు, గడియారం చెబుతుంది. ఫోన్లో రికార్డు చేసి, మొదటి పేజీకి ఎన్ని సెకన్లు పట్టిందో, చివరి పేజీకి ఎన్ని పట్టిందో రాసి పెట్టుకోండి. 44 కాస్తా 52 అయితే, ఎనిమిదిన్నర నిమిషాల భాగం సుమారు ఏడు నిమిషాల పన్నెండు సెకన్లకు కుదించుకుపోతుంది. వాయిస్తున్నప్పుడు ఇద్దరికీ తెలియదు.

మూడో భాగం: క్లారినెట్ ఒంటరిగా

‘పక్షుల అగాధం’ అనే ఈ భాగాన్ని అకోకా కోసం శిబిరానికి రాకముందే రాశాడు. ఎయిత్ నోటు 44. ఒకే స్వరాన్ని వినీవినబడనంత సన్నగా మొదలుపెట్టి, పగిలిపోయేంత బలానికి తీసుకెళ్లే పొడుగు నోట్లు దీని గుండెకాయ. ఒక్కొక్కటీ పది సెకన్లు దాటుతుంది. తప్పు ఒకే తీరుగా జరుగుతుంది: మొదటి నాలుగు సెకన్లలోనే సగం బలం వాడేసి, మిగతా సేపు ఒకే స్థాయిలో నెట్టుకురావడం. నోటును ఎనిమిది లెక్కలుగా విడదీయండి. నాలుగో లెక్క వరకు మెల్లగానే ఉండాలి, ఆరు దాటాక అసలు పెరుగుదల. పైనే చెప్పినట్టు బలం పెరిగేకొద్దీ శ్రుతి దిగుతుంది కాబట్టి పెదవుల పట్టు క్రమంగా బిగించాలి. ట్యూనర్ ముందు పెట్టుకుని సాధన చేయండి. మొదలుపెట్టేటప్పుడు నాలుకతో కొట్టకండి, గాలితోనే స్వరం పుట్టాలి.

రీడ్ (ఊదితే కంపించే పలుచటి రెల్లు ముక్క) ఎంపిక ఇక్కడే తేలుతుంది. మెత్తటి రీడ్ అయితే చివరి బలానికి మూసుకుపోతుంది, గట్టిదైతే మొదటి సన్నదనం పలకదు. రెండూ చేసే రీడ్‌ని ఈ ఒక్క నోటు మీదే పరీక్షించి, కనీసం మూడు సిద్ధంగా పెట్టుకోండి. మధ్యలో పక్షుల హడావుడి వస్తుంది. వేళ్లకి అది సరదా. దాన్నుంచి మళ్లీ 44కి దిగేటప్పుడు నాడి ఇంకా పరుగెడుతూ ఉంటుంది కాబట్టి, రాసిన విరామాల్ని పూర్తిగా లెక్కపెట్టుకునే ముందుకి కదలండి.

మిగిలినవి

నాలుగోది 2/4లో, క్వార్టర్ 96, రెండు నిమిషాల లోపే అయిపోతుంది. శిబిరంలో మొదట పుట్టింది ఇదే. బృందం మొదటి రిహార్సల్‌కి దీన్నే పెట్టుకోండి. ముగ్గురూ ఒకే రేఖలో కలిసే చోట్లు ఉన్నాయి, ఆరో భాగానికి కావలసిన శ్రుతి ఇక్కడే కుదురుతుంది.

రెండు, ఏడు భాగాలు ఒకే దేవదూత పేరు మీద ఉన్నాయి, ముడిసరుకు కూడా కొంత ఒకటే. కాబట్టి వాటిని ఒకే రిహార్సల్‌లో పక్కపక్కన చేయండి. రెండో భాగం నడిమి ఘట్టంలో మ్యూట్ (మోతను తగ్గించే చిన్న బిళ్ల) పెట్టిన వయొలిన్, చెలో ఒకే గీతాన్ని స్థాయిల తేడాతో పాడుతుంటే పియానో పైనుంచి కార్డుల్ని చినుకుల్లా జారవిడుస్తుంది. ఆ చినుకుల పై స్వరాలు మెరిసి వయొలిన్‌ని కప్పేయడం మామూలుగా జరిగే తప్పు. పియానో మూత సగానికి దించడం కంటే కుడిచేతి చిటికెనవేలి బరువు తగ్గించడం సరైన పరిష్కారం. మ్యూట్ తీగల మీదే జారేదైతే మంచిది. జేబులోంచి తీసి తగిలించే సమయం ఉండదు. ఏడోది అన్నిటికంటే గందరగోళంగా అల్లుకుని ఉంటుంది, ‘ఇంద్రధనుస్సుల చిక్కుముడి’ అన్న పేరులోనే ఆ చిక్కు ఉంది. ఒక్కో ఘట్టంలో ముఖ్యమైన గొంతు ఎవరిదో పెన్సిల్‌తో పేరు రాసుకుని, మిగతావాళ్లు దానికి ఒక మెట్టు తగ్గండి. ఇంతకు మించిన కిటుకు దీనికి లేదు.

వేదిక మీద

వయొలిన్ ప్రేక్షకుల ఎడమవైపు, క్లారినెట్ నడుమ, చెలో కుడివైపు ఉంటే పియానిస్టుకి అందరూ కనిపిస్తారు. మూడో భాగంలో ముగ్గురు, ఐదు, ఎనిమిదుల్లో ఇద్దరేసి ఊరకే కూర్చుంటారు. వేదిక దిగిపోవద్దు, పేజీలు సర్దుకోవద్దు, రీడ్ మార్చుకోవద్దు. రీడ్ మార్చాలంటే నాలుగు, ఐదు భాగాల మధ్య ఖాళీలోనే. పియానిస్టు ట్యాబ్లెట్, కాలి పెడల్ వాడితే పేజీ తిప్పేవాళ్లు అక్కర్లేదు. ఆ పెడల్‌ని మెత్తటి పెడల్‌కి దూరంగా టేపుతో అంటించండి.

మన హాళ్లలో పెద్ద సమస్య ఏసీ. బయట ఉక్కపోత, లోపల పొడి చలి. పియానోని ట్యూన్ చేసే ముందు కనీసం రెండు మూడు గంటలు, కచేరీ వేళ ఉండే చల్లదనంలోనే ఏసీ నడవనివ్వండి. పియానో ‘ఎ’ స్వరం 440 హెర్ట్జ్‌కి ఉందో 442కి ఉందో ముందే కనుక్కుని క్లారినెట్ బారెల్ (పైభాగంలోని పొట్టి గొట్టం) సిద్ధం చేసుకోండి. చలిగాలి నేరుగా క్లారినెటిస్టు మీద పడుతుంటే కుర్చీ జరపండి. రీడ్లు తడి నిలిపే డబ్బాలో ఉంచండి.

ఒక్కటే 50 నిమిషాల రచన కాబట్టి దీనికి ముందు ఏదో ఒకటి వాయించాల్సి వస్తుంది. బార్టోక్ ‘కాంట్రాస్ట్స్’ జత కుదిరినట్టే కనిపిస్తుంది గానీ, అది క్లారినెటిస్టు పెదవుల్ని మూడో భాగానికి ముందే అలసిపోయేలా చేస్తుంది. దెబ్యుస్సీ 1915 చెలో సొనాటా గానీ, రవెల్ వయొలిన్-చెలో సొనాటా గానీ పెట్టుకుంటే క్లారినెట్ తాజాగా ఉంటుంది. ఆ తర్వాత విరామం ఇచ్చి క్వార్టెట్ మొదలుపెట్టండి. క్వార్టెట్ నడుమ విరామం వద్దు, తర్వాత ఎన్‌కోర్ (చప్పట్లకు బదులుగా వాయించే అదనపు అంశం) వద్దు. భాగాల మధ్య చప్పట్లు కొట్టవద్దని కార్యక్రమ పత్రంలో ఒక వాక్యం వేయించండి. లేదంటే మూడో భాగం అయిపోగానే క్లారినెటిస్టుకి చప్పట్లు పడతాయి, నాలుగో దాని మొదటి బార్లు ఆ చప్పట్లలో కొట్టుకుపోతాయి.